కింది గీత

మనిషి ఎంత ఎత్తు ఎగిరిందీ తేల్చాలంటే గోడమీద రెండు గీతలు కావాలి. గోడ పక్కన నిలబడి చెయ్యెత్తి అందుకున్న చోట కింది గీత. అక్కడికక్కడే ఎగిరి వేళ్ళతో తాకిన చోట పై గీత. రెంటి మధ్య ఎన్ని అంగుళాలుంటే అంత ఎగిరినట్టు. లోకమంతా నోరు తెరుచుకుని పై గీత వైపే చూస్తుంది. మోసం చెయ్యదలచుకున్నవాళ్ళు కింది గీత దగ్గరే పని కానిచ్చేస్తారు.

ఎలాగంటారా? నిలబడి చెయ్యెత్తేటప్పుడు భుజాన్ని కాస్త దించాలి. మోచేతిని కనీ కనబడకుండా వంచాలి. కింది గీత రెండు అంగుళాలు కిందికి దిగుతుంది. అది దిగిందంటే ఎగురు రెండు అంగుళాలు పెరిగినట్టే. కాలికి చెమట పట్టక్కర్లేదు, తెల్లవారుజామున లేవక్కర్లేదు. దారం మిల్లులో దీనికి 'భుజం దాచుకోవడం' అని పేరు. తప్పని అందరికీ తెలుసు. అందరూ చేస్తారు.

ప్యాకింగు సెక్షన్లో పనిచేసే మిడత మాత్రం చెయ్యలేదు. చెయ్యనివ్వలేదు అనాలి.

మిడత అన్నది వాళ్ళమ్మ పెట్టిన పేరు. చిన్నప్పుడు నడవమంటే ఎగిరేదట, ఆ పేరే మిల్లుదాకా వెంటపడి వచ్చింది. ఇరవై రెండు నిండడానికి రెండు నెలలు తక్కువ. దారం కోన్లకి కాగితం చుట్టి అట్టపెట్టెల్లో పేర్చే పని. నాలుగేళ్ళుగా టెంపరరీ. మూడు నెలలకోసారి కార్డు మారుస్తారు. సూపర్వైజరుకి మొహం నచ్చితే కొత్త కార్డు, నచ్చకపోతే "కబురు చేస్తాం" అంటారు. ఆ కబురు వచ్చిన మనిషిని మిడత ఇంతవరకూ చూడలేదు.

పర్మనెంటు కావడానికి ఒకటే అడ్డదారి, మిల్లు వాలీబాల్ జట్టు. ఆడవాళ్ళ జట్టులో చోటు దొరికితే ఆర్డరు చేతికొస్తుంది. మిడత చేరాక మొదటిసారి ఆ ఏడాది ఒక్క చోటు ఖాళీ అయింది. ఇరవై రెండు నిండినవాళ్ళని తీసుకోరు కాబట్టి మిడతకి అదే మొదటి అవకాశం, అదే ఆఖరిది కూడాను. ఆట చూసి నలుగురిని ఏరారు, అందులో మిడత ఒకతె. నలుగురూ ఆటలో ఒకరికొకరు తీసిపోరు. ఇక ఎవరు ఎక్కువ ఎత్తు ఎగిరితే వాళ్ళదే చోటు అని మేనేజరు నోటీసు అంటించాడు.

ఎగురు కొలిచే మనిషి ఎవరనుకున్నారు? మిడత తండ్రే. మిల్లంతా ఆయన్ని టేపు మాస్టారు అంటుంది.

మాస్టారు కూడా ఒకప్పుడు మగవాళ్ళ జట్టు కోసం ఇలాగే ఎగిరి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఇరవై ఏడు అంగుళాలు. ఆనాటి పేపరు ముక్క ఇంట్లో కుట్టుమిషను పైన ఫ్రేము కట్టి ఉంటుంది. గాల్లో ఒక కుర్రాడు, వెనక గోడ, కింద జనం. ఆ కథ ఆయన అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "రెండోవాడు ఇరవై ఆరు ఎగిరాడే అమ్మా. ఒక్క అంగుళం! నాకు ఫిట్టరు ఉద్యోగం, వాడికి గోదాములో దూది బేళ్ళ మోత. ఇప్పటికీ మోస్తూనే ఉన్నాడు పాపం. అంగుళం అంటే అంత!" ఆ గోదాము బాబాయిని మిడత రోజూ చూస్తుంది. నడుం వంగిపోయింది. ఇన్నేళ్ళకీ టెంపరరీయే. "ఏమ్మా మిడతా" అని నవ్వుతూ పలకరిస్తాడు.

ఐదారేళ్ళు ఎగిరాక మాస్టారి మోకాలు పోయింది. మేనేజరు జాలిపడి ఉద్యోగం తియ్యకుండా స్టోరులో కూర్చోబెట్టి, జట్టుకి కసరత్తులు నేర్పే పని, కొలిచే పని కూడా అప్పజెప్పాడు. ఆ జాలి మాస్టారి మెడ మీద జీవితాంతం బరువై కూర్చుంది. మేనేజరు తుమ్మితే ఈయన లేచి నిలబడతాడు.

అయితేనేం, నేర్పడంలో ఆయనకి సాటి లేరు. అది ఒప్పుకోవాలి. పదకొండు నెలల కిందట, పెరటి గోడ దగ్గర కూతుర్ని మొదటిసారి ఎగరమన్నాడు. పదమూడున్నర వచ్చింది.

"అంత లోతుకి కూర్చుంటావేంటే? నూతిలోకి దిగుతున్నావా? ఒక్క జానెడు దిగు, వెంటనే లే. ఆగావంటే కాళ్ళలో ఉన్న బలం నేల మింగేస్తుంది."

"మరి చేతులు?"

"చేతులే సగం ఎగురు. వెనక్కి పోనిచ్చి, లేస్తూ లేస్తూ పైకి విసురు. కాళ్ళు ముందూ చేతులు తర్వాతా అయితే నువ్వొకదారీ అవి ఒకదారీ."

వారానికి మూడు రోజులే ఎగరనిచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇసక మూట భుజానేసుకుని గుంజీలు, మెట్ల మీద మునివేళ్ళ కసరత్తు, తాడాట. ఒక చెక్కపెట్టె తెచ్చి పెరట్లో వేశాడు. దాని మీంచి కిందికి దిగాలి, దిగీ దిగగానే పైకి ఎగరాలి. మిడతకి ఆత్రం. రోజూ ఎగురుతానంటే తిట్టేవాడు. "ఎగిరినప్పుడు బలం రాదే పిచ్చిదానా, పడుకున్నప్పుడు వస్తుంది. నేను రోజూ ఎగిరే మోకాలు పోగొట్టుకున్నాను."

ఆమె దిగేటప్పుడు కళ్ళు మూసుకుని వినేవాడు. చప్పుడైతే లెక్క కాదు. "పిల్లిలా దిగు. నేలకి తెలియకూడదు నువ్వొచ్చావని." ఒకే కదలిక వందసార్లు, రెండొందలసార్లు చేయించేవాడు. విసుగొచ్చి మొహం మాడ్చుకుంటే ఒకటే మాట. "ఒంటికి అలవాటు చెయ్యి. మనసు మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు."

ప్రతి ఆదివారం కొలత. మిడతని గోడకి ఆనించి నిలబెట్టి, మడమలు నేలకి ఆనాయో లేదో చూసి, మణికట్టు పట్టుకుని చేతిని పైకి సాగలాగి, వేలికొసన పెన్సిలుతో గీత గీసేవాడు. కింది గీత ఎప్పుడూ అక్కడే. పై గీతలు మాత్రం గోడ మీద నిచ్చెనలా పెరిగాయి. పదిహేను. పదహారుంపావు. ఒకసారి నెలన్నర పాటు పదహారున్నర దగ్గరే ఆగిపోతే మిడత అన్నం మానేసింది. తర్వాత పదిహేడు, పదిహేడుంముప్పావు. "పెరట్లో గోడంతా పాడు చేశారు తండ్రీకూతుళ్ళు" అని వాళ్ళమ్మ సణిగేది గానీ, బట్టలు ఉతికేటప్పుడు ఆ గీతల మీద నీళ్ళు పడకుండా పక్కకి జరిగి ఉతికేది.

పోటీకి ముందురోజు సాయంత్రం మిడత తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, వాళ్ళందరూ రేపు భుజం దాచుకుంటారు."

"దాచుకోనీ."

"మరి నేను?"

"ఛీ! నీకేం ఖర్మ? నిజంగా ఎగిరేదానికి దొంగ గీత ఎందుకు?"

"నాకు అక్కర్లేదు నాన్నా. వాళ్ళకి కూడా ఉండకూడదు అంటున్నా. నాకు లాగినట్టే అందరి చెయ్యీ లాగు. అప్పుడు ఓడిపోయినా నాకు బాధ లేదు."

"అందరికీ ఒకటే కొలత" అన్నాడు మాస్టారు. "నా ఇరవై ఏడూ నిఖార్సైన ఇరవై ఏడు. నా చేత్తో దొంగ గీత గియ్యను."

కుట్టుమిషను దగ్గర్నుంచి వాళ్ళమ్మ తలెత్తింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. "కొలతంటే నన్నడగండి. టేపు తియ్యగానే ప్రతి మనిషీ పొట్ట లోపలికి పీలుస్తుంది. ఎంత గొప్పవాళ్ళైనా సరే, 'పొట్ట వదలండమ్మా' అంటాను. మొహమాటపడ్డామంటే బట్ట పిగిలేది మన చేతిలోనే."

"అబ్బ, నువ్వు నాకు చెప్పొచ్చావా!" అని మాస్టారు నవ్వేశాడు. మిడత కూడా నవ్వింది. ఆ పిల్ల తండ్రి మాటని గుడ్డిగా నమ్మింది, ఏం చేస్తాం.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారేవేళ, ఆఫీసు పక్క గోడ దగ్గర జనం మూగారు. గోడకి కొత్తగా సున్నం కొట్టించారు. మేనేజరుకి కుర్చీ వేశారు, పక్కన ప్యాకింగు సూపర్వైజరు నిలబడ్డాడు. మాస్టారు మెడలో టేపు, చేతిలో బొగ్గు ముక్క, ఉతికిన చొక్కా. మనిషికి మూడేసి ఎగుర్లు, అన్నిట్లోకీ ఎత్తైనదే లెక్క. చీటీలు తీస్తే మిడతకి ఆఖరి వంతు వచ్చింది.

మొదటి అమ్మాయి గోడ పక్కన నిలబడి చెయ్యెత్తింది. భుజం దిగే ఉంది, చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. మాస్టారు చెయ్యి కాస్త ముందుకి చాచాడు. ఒక్కసారి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. మాస్టారి చెయ్యి వెనక్కొచ్చి, ఆ అమ్మాయి వేళ్ళు ఎక్కడున్నాయో అక్కడే గీత గీసింది.

మిడత ఆ గీత వంక చూసింది. పోనీలే, మొదటి అమ్మాయి కదా, తడబడ్డాడేమో అనుకుంది. ఆ అమ్మాయికి పదిహేనున్నర వచ్చింది.

రెండో అమ్మాయి భుజంతో పాటు మోచెయ్యి కూడా వంచింది. మాస్టారు నీళ్ళు నమిలి, గీత గీశాడు. పదిహేడు.

మూడో అమ్మాయి పొడుగమ్మాయి. సూపర్వైజరుకి అక్క కూతురు. మంచిదే పాపం, మిడత పక్క బల్ల దగ్గరే పెట్టెలు పేరుస్తుంది, జ్వరం వస్తే మిడత వంతు కూడా పేర్చి పెట్టింది ఒకసారి. ఆ అమ్మాయి ఎత్తిన చెయ్యి చూసి వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అంతలా దాచింది భుజాన్ని. సూపర్వైజరు మాస్టారి వైపు ఒక నవ్వు పారేశాడు. మాస్టారు కూడా నవ్వాడు! నవ్వి, గీసేశాడు. పద్దెనిమిదిన్నర వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇక మిడత వంతు. గోడ దగ్గరికి వెళ్తుంటే ఎవరో గొణిగారు, "ఇంకేం, తండ్రి కొలుస్తున్నాడుగా." ఆ మాట మాస్టారి చెవిన పడింది. ఆయన మెడ ఎర్రబడడం మిడత చూసింది.

చెయ్యెత్తింది. భుజం దాచుకోలేదు, పూర్తిగానే ఎత్తింది. అయినా మాస్టారు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని అందరికీ కనబడేలా పైకి లాగాడు. కుంటుకుంటూ వంగి మడమలు చూశాడు. మళ్ళీ లేచి ఇంకోసారి లాగాడు. భుజం కీలు కలుక్కుమంది, వేలికొస ఇంకో అర అంగుళం పైకి జరిగింది.

"నాన్నా" అంది మిడత, పెదవి కదలకుండా. "అందరికీ ఒకటే కొలతన్నావు."

"గోడవైపు చూడు" అన్నాడు మాస్టారు, గట్టిగా.

"అబ్బ! మాస్టారంటే మాస్టారే!" అన్నారు జనం. మేనేజరు వాచీ మీంచి కళ్ళెత్తి మెచ్చుకోలుగా తలాడించాడు.

మిడతకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే మొదటిసారి ఎగిరింది, చేతులు తొందరపడ్డాయి, పదిహేడుంపావు. రెండోసారి పదిహేడుంముప్పావు. మూడోసారికి కళ్ళు మూసుకుని పెరటి గోడని తలుచుకుంది. జానెడు దిగింది. చేతులు వెనక్కెళ్ళాయి. కాళ్ళూ చేతులూ ఒక్కటిగా లేచాయి. వేళ్ళు గోడని తాకినప్పుడు ఇక పైకి వెళ్ళడానికి ఒంట్లో వెంట్రుకవాసి కూడా మిగలలేదని ఆమెకి తెలుసు. కిందికి దిగితే చప్పుడు కాలేదు.

మాస్టారు టేపు పెట్టాడు. పద్దెనిమిదింపావు. పుట్టి బుద్ధెరిగాక మిడత అంత ఎత్తు ఎప్పుడూ ఎగరలేదు. పొడుగమ్మాయి కంటే పావు అంగుళం తక్కువ.

మేనేజరు లేచొచ్చి మాస్టారి భుజం తట్టాడు. "సొంత కూతురైనా చూడలేదయ్యా! నీలాంటి మనిషి మిల్లుకి ఒక్కడుంటే చాలు." మాస్టారి మొహం చూడాలి అప్పుడు, దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. ఓడిపోయినందుకు కాదు, ఆ వెలుగు చూసినందుకు మిడతకి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేసరికే కబురు అందింది. వాళ్ళమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచి ఒంటికాలి మీద లేచింది.

"అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో! బావుందయ్యా నీ న్యాయం! కడుపున పుట్టిందాని చెయ్యి ఊడేలా లాగావట, వాళ్ళ చేతులు ముట్టుకోడానికి నీ చేతులు పడిపోయాయా?"

"నీకు తెలీదు, నువ్వూరుకో. రేపెవరైనా దీని మీద వేలెత్తి చూపిస్తే? కూతురు కాబట్టి తండ్రి గెలిపించాడంటే దీని పేరేం కావాలి?"

"నా పేరా, నీ పేరా నాన్నా?" అంది మిడత. చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి ఉంది.

మాస్టారు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"వాళ్ళ చేతులు ఎందుకు లాగలేదు?"

"మేనేజరుగారు కూర్చునుంటే, సూపర్వైజరు ఎదురుగా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎలా లాగనే? ఏమనుకుంటారు?"

"నా చెయ్యయితే లాగొచ్చు."

"నువ్వు నా కూతురివి. నీ మీద నాకు హక్కుంది."

"ఆ హక్కేదో నాకు మంచి చెయ్యడానికి పనికి రాదా?" అని మిడత ఏడ్చేసింది. "పదకొండు నెలలు నాన్నా! నువ్వు ఎగరమన్నట్టు ఎగిరాను. నువ్వు నిలబడమన్నట్టు నిలబడ్డాను. వాళ్ళలాగే నన్నూ వదిలేసినా ఆ చోటు నాదే. వాళ్ళనీ నాలాగే లాగినా నాదే. రెండిట్లో ఏదో ఒకటి చెయ్యలేకపోయావా?"

  ఆ రాత్రి అన్నం పెడితే మాస్టారు సగం తిని లేచాడు.

తెల్లారి మిడత పెరట్లోకి వచ్చేసరికి మాస్టారు అప్పటికే గోడ దగ్గర ఉన్నాడు. గీతల వైపు చూస్తున్నాడు. ఆమె బకెట్లో నీళ్ళు, గోనెగుడ్డ తెచ్చింది. పై గీతల నుంచి తుడవడం మొదలెట్టింది.

"ఉండనీవే" అన్నాడు.

ఆమె తుడుస్తూనే ఉంది.

"నిజాయితీకి ఎప్పుడూ విలువుంటుందమ్మా. ఇవాళ కాకపోతే రేపు. మా రోజుల్లో ఈ భుజం దాచుకోవడాలూ గట్రా ఎక్కడివి? ఒక్కడు చేస్తే ఒట్టు. సాగదీసి నిలబడేవాళ్ళం. నా ఇరవై ఏడూ..."

మిడత గుడ్డ బకెట్లో పడేసింది. "నిలబడు నాన్నా."

"ఏంటీ?"

"గోడ పక్కన నిలబడు. నీ కింది గీత ఒక్కసారి చూస్తాను. ఎప్పుడూ నాదే గీశావు, నీది ఈ గోడ మీద లేదు."

కూతురు మళ్ళీ మాట్లాడిందని మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "దానికేం భాగ్యం" అని చొక్కా సర్దుకుని గోడకి ఆని నిలబడ్డాడు, మోకాలు కాస్త కలుక్కుమన్నా పట్టించుకోకుండా. మిడత చెక్కపెట్టె జరుపుకుని ఎక్కి, పెన్సిలు తీసుకుంది. మాస్టారు చెయ్యెత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టుండగానే భుజం మెల్లిగా కిందికి దిగింది. మోచెయ్యి కనీ కనబడనట్టు వంగింది. నిన్న గోడ దగ్గర ముగ్గురమ్మాయిలు చేసినదాని కంటే వెయ్యిరెట్లు ఒడుపుగా, నున్నగా. ఆ సంగతి ఆయనకి తెలియను కూడా తెలియదు. మొహంలో చిరునవ్వు అలాగే ఉంది.

మిడత చాలాసేపు ఆ భుజం వైపు చూసింది. తర్వాత వేళ్ళు ఉన్నచోట ఒక గీత గీసింది.

"అయిందా?" అన్నాడు మాస్టారు.

"ఇంకా లేదు."

మణికట్టు పట్టుకుని పైకి లాగింది. తనకి ఎలా నేర్పాడో అలాగే. భుజం లేచింది, మోచెయ్యి నిటారు అయింది, వేళ్ళు గోడ మీద జరుక్కుంటూ పైకి పోయాయి. అవి ఆగిన చోట రెండో గీత గీసి, పెట్టె దిగి, ఆయన మెడలో వేలాడుతున్న టేపు అందుకుని మళ్ళీ ఎక్కి కొలిచింది. మూడున్నర.

మాస్టారు తలెత్తి రెండు గీతలూ చూశాడు. ఆయన మొహంలో నవ్వు పోవడానికి కాస్త సమయం పట్టింది.

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. వంటింటి కిటికీలోంచి వాళ్ళమ్మ చూస్తోంది.  

మిల్లు సైరను కూసింది. మిడత టేపు చుట్టి చెక్కపెట్టె మీద పెట్టింది. దండెం మీంచి తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"గోదాము బాబాయి ఎంత ఎగిరాడన్నావు నాన్నా? ఇరవై ఆరు కదా?"

 మాస్టారు చెయ్యి దించడం కూడా మర్చిపోయి గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాడు. మిడత టెంపరరీ కార్డు జేబులో పెట్టుకుని షిఫ్టుకి వెళ్ళిపోయింది.